చివరగా ఏం కదిపారు?

షాపు వెనకగది,
వానలు మొదలైన వారం.

బుల్లెమ్మకు,

అందరం కులాసా అని మొదలుపెట్టాలనే కూర్చున్నాను గానీ చెయ్యి రావడం లేదు. ఇక్కడ ఎవరూ కులాసాగా లేరు. నువ్వు కట్టిచ్చిన మన షాపు సైటు తెరుచుకోవడం లేదు. నొక్కితే ఖాళీ పేజీ వస్తోంది, మధ్యలో చిన్న అక్షరాలతో దారి సరిగ్గా లేదని ఏదో ఏడుపు.

దీనికి ముద్దాయిని నేనట. మీ అన్నయ్య తీర్పు చెప్పేశారు. పొద్దున షట్టరు ఎత్తీ ఎత్తగానే ఫోను చూసుకుని, "నిన్న కంప్యూటరు ముందు కూర్చున్నది ఎవరు?" అని అడిగారు. పక్క షాపు టైలరు వింటుండగా అడిగారు. నేను బదులు చెప్పేలోపే, "తెలియని పనుల్లో వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని కూడా అనేశారు. టైలరు పాపం గుండీలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

తెలియని పనులట. మీ నాన్నగారు నా చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చిన నాటి నుంచి ఈ వెనకగదిలో ఎన్ని కుట్టుమిషన్ల కడుపులు విప్పి మళ్ళీ మూశానో నీకు తెలుసు. ఆయన పోయాక ఈ షాపులో ఒక్క బాబిన్ అయినా మీ అన్నయ్య చేత్తో బాగుపడిందేమో అడుగు. వేలు పెట్టొద్దట.

నేనేమీ కదపలేదు. ఊరికే చూశాను, అంతే.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. నా బల్లకీ ఆయన కౌంటరుకీ మధ్య చెక్క అడ్డు తప్ప గోడ లేదు. ఎవరితో అంటారు, స్పీకరు పెట్టమంటారు. పైగా ఫోనులో నా కోపం సగంలోనే చల్లారిపోతుంది, కాగితం మీదైతే పూర్తిగా పడుతుంది. జవాబు నా పేరున రాయి. షాపు పేరున వచ్చే కవర్లన్నీ ఆయనే చింపుతారు.

నీ వదిన


ఆఫీసు, కిటికీ పక్క బల్ల.

వదినకు,

నీ ఉత్తరం కంటే అన్నయ్య ఫోను ముందొచ్చింది. "మీ వదిన ఏదో కెలికింది, నువ్వు పాతది పెట్టెయ్" అన్నాడు. ఏం కెలికిందని అడిగితే, "నాకేం తెలుసు, నేనసలు ఆ జోలికే పోలేదు" అన్నాడు.

నువ్వేమో ఏమీ కదపలేదంటున్నావు. వదినా, ఒక్కమాట అడుగుతాను, కోప్పడకు. మిషను మోసుకుని షాపులోకి ఎవరొచ్చినా నువ్వు మొదట ఏమడుగుతావు? "ఆగిపోయే ముందు చివరగా ఏం కదిపారు?" అంటావు. వాళ్ళేమంటారు? "ఏమీ కదపలేదండీ, దానంతటదే ఆగిపోయింది." వాళ్ళటు వెళ్ళగానే నువ్వు నవ్వుతూ స్క్రూ చూపించేదానివి, కూరగాయల కత్తితో తిప్పిన గీతలతో సహా. సెలవులకు వచ్చినప్పుడల్లా నీ పక్కన స్టూలు మీద కూర్చుని చూసినదాన్ని నేను. నాకే ఆ మాట చెప్తావా?

సైటు కూడా మిషను లాంటిదే. బాగా నడుస్తున్నది ఆగిపోయిందంటే ఎవరో ఏదో మార్చారని అర్థం. సైటు లోపలికి వెళ్ళి మార్పులు చెయ్యడానికి నీకొక తాళం, అన్నయ్యకొక తాళం ఇచ్చాను కదా. ఎవరి తాళంతో లోపలికి వెళ్ళినా గుర్తు పడుతుంది. నీ తాళంతో ఒక కొత్త పేజీ తయారైనట్టు కనిపిస్తోంది. పూర్తిగా చూడ్డానికి తీరిక చిక్కలేదు. ఆఫీసులో వేరే గొడవలో పీకల్లోతున ఉన్నాను.

పెద్ద విషయమేమీ కాదులే. నా దగ్గర పాత కాపీ ఉంది. ఈ వారాంతం అది పెట్టేస్తే ఎప్పటిలా తెరుచుకుంటుంది. ఆ కొత్త పేజీ మాత్రం పోతుంది. పర్వాలేదా?

నీ బుల్లెమ్మ


షాపు వెనకగది.

బుల్లెమ్మకు,

పర్వా ఉంది. పాతది పెట్టావంటే నీకూ నాకూ మాటల్లేవు.

సరే, కదిపాను. పేజీ చేసింది నేనే. ఎందుకు చేశానో కూడా విను.

నాటకాలకు దుస్తులు కుట్టే ఒక పెద్దావిడ వచ్చింది. వాళ్ళమ్మ వాడిన మిషనట, దుప్పటిలో చుట్టుకుని మోసుకొచ్చింది. కుట్టు జారిపోతోంది, ఇక్కడ మాస్టరు గారు మంచి పనివాడని మీ సైటులో చూశానని చెప్పింది. నేను చెయ్యి చాచాను. ఆవిడ మిషను వెనక్కి లాక్కుని, "నువ్వు ముట్టుకోకమ్మా, మాస్టరు గారే చూడాలి" అంది. మీ అన్నయ్య పక్కనే ఉన్నారు. ఈవిడే చూస్తుందండీ అని ఒక్కమాట అంటే నోరేం పోదు. "వదిలేసి వెళ్ళండి, నేను చూస్తాను" అన్నారు. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

కింది దారాన్ని తిప్పే షటిల్ అంచు అరిగింది, దాని కింద దారపు పీచు ఇరుక్కుంది. తీసి, అంచు నునుపు చేసి, నూనె వేశాను. ఆవిడ వచ్చిన రోజు ఈయన గుడ్డముక్క మీద ఒక వరస కుట్టి చూపించారు. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన చేతులు రెండూ పట్టుకుని, "ఇవి బంగారు చేతులు నాయనా" అంది. మీ అన్నయ్య ఆ చేతులు వెనక్కి తీసుకోలేదు. నేను తలుపు దగ్గర నూనె చేతులతో నిలబడే ఉన్నాను.

అప్పుడొచ్చింది నాకు ఒళ్ళుమంట. ఇంటికెళ్ళి మన సైటు తెరిచి చూశాను. మొదటి పేజీ నిండా ఆయన ఫోటోనే. స్క్రూడ్రైవరు గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నారు, పులుసు కలుపుతున్నట్టు. కింద "మాస్టర్ మెకానిక్". ఆ ఫోటో తీసింది నువ్వు, ఆ మాట రాసింది నువ్వు. పక్కనే స్టూలు మీద కూర్చుని అన్నీ చూశానంటున్నావే, ఇది చూళ్ళేదా?

అందుకే నాకొక పేజీ చేసుకున్నాను. టైలరు చేత ఫోటో తీయించాను, బల్ల ముందు, చేతిలో విప్పిన షటిల్‌తో. ఈ షాపులో మిషన్లు బాగుచేసేది ఈమె అని నా పేరు రాశాను. ఆయన పేజీలో ఒక్క అక్షరం చెరపలేదు. మొదటి పేజీకి వచ్చినవాళ్ళు ముందు నా పేజీకి వచ్చేట్టు మాత్రం చేశాను. ఆ ఏర్పాటు ఎలా చెయ్యాలో నువ్వే నేర్పావు, పాత ధరల పేజీ మార్చినప్పుడు.

ఇంకో సంగతి. చేసిన సాయంత్రం అది నా ఫోనులో తెరుచుకుంది. టైలరుకు కూడా చూపించాను, "బాగుందమ్మా, ఎన్నాళ్ళకు" అన్నాడు. తెల్లారేసరికి తెరుచుకోలేదు. నేను కదిపాక నడిచింది, ఆ తర్వాత ఆగింది. అంటే నా చెయ్యి కాదు. ఈపాటి లెక్క నాకు తెలుసు. సరిగ్గా చూసి రాయి.

నీ వదిన


ఆఫీసు.

వదినకు,

చూశాను. ఇలాంటివి అప్పుడప్పుడు జరుగుతుంటాయి. లోపల ఏవో రెండు ఏర్పాట్లు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. చెప్పినా తలనొప్పే. ఎవరి తప్పూ కాదు.

నా మాట విని ఇప్పటికి పాత కాపీ పెట్టనివ్వు. షాపు ఆగిపోకూడదు కదా. నీ పేజీ నా దగ్గర భద్రంగా దాచి ఉంచుతాను, కొంచెం సద్దుమణిగాక మంచి సమయం చూసి పెడదాం. ఫోటో చాలా బాగుంది.

ఇక్కడ చలి మొదలైంది. ఆరోగ్యం జాగ్రత్త.

నీ బుల్లెమ్మ


షాపు వెనకగది.

బుల్లెమ్మా,

ఎవరి తప్పూ కాదు అనే మాట నేనెప్పుడు వాడతానో తెలుసా? మిషను విప్పగానే నాకు తెలిసిపోతుంది, ఇది ఫలానావాళ్ళు పాడుచేశారని. ఆ ఫలానావాళ్ళు మిషను తెచ్చినావిడ పక్కనే నిలబడి ఉంటారు, మొగుడో, అత్తో, కూతురో. అప్పుడు వాళ్ళింట్లో గొడవెందుకని, "పాతబడిందమ్మా, ఎవరి తప్పూ కాదు" అంటాను. అది నా మాట. నా దగ్గర నేర్చుకుని నా మీదే వాడుతున్నావు.

పైగా ఎప్పుడూ లేనిది చలి గురించి రాశావు.

మంచి సమయం చూడ్డానికి ఇదేమైనా ప్రయాణమా? నీ పక్కన నిలబడింది ఎవరో చెప్పు. నాకు తెలుసు. అయినా నీ చేత్తో రాస్తే చదవాలని ఉంది.

వదిన


ఇల్లు, వంటగది బల్ల.

వదినకు,

సరే, రాస్తున్నాను.

నువ్వు మొదటి పేజీ దగ్గర ఒక బోర్డు పెట్టావు, వచ్చినవాళ్ళందరూ వదిన పేజీకి వెళ్ళండి అని. అందులో ఏ లోపమూ లేదు, శుభ్రంగా చేశావు. అదే సాయంత్రం, షాపు మూసే వేళ, ఇంకో తాళంతో ఎవరో లోపలికి వచ్చి నీ పేజీ దగ్గర ఇంకో బోర్డు పెట్టారు, ఇక్కడికి వచ్చినవాళ్ళందరూ మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళండి అని. ఆ తాళం అన్నయ్యది. ఇంకెవరి దగ్గరా లేదు.

ఇక చూడు. మన సైటుకు ఎవరు వచ్చినా మొదటి పేజీ నీ దగ్గరికి పంపుతుంది, నీ పేజీ వెనక్కి అన్నయ్య దగ్గరికి పంపుతుంది, అక్కడి నుంచి మళ్ళీ నీ దగ్గరికి. మనిషైతే రెండోసారికే తిట్టుకుని వెళ్ళిపోతాడు. ఫోను పాపం చెప్పినట్టల్లా అటూ ఇటూ తిరిగి, చివరికి నా వల్ల కాదని చేతులెత్తేస్తుంది. అదే నువ్వు చూసిన ఖాళీ పేజీ.

నీ పేజీ ఆయన చెరిపెయ్యలేదు వదినా. చెరపడం ఒక్క నొక్కు పని. అది చెయ్యకుండా, ఎవరికీ కనపడకుండా చేశాడు. చెరిపితే నువ్వు అడుగుతావు, ఇదైతే ఎవరికీ తెలియదు అనుకున్నాడు కాబోలు. దానివల్ల మొత్తం సైటే మూతపడుతుందని మాత్రం ఊహించి ఉండడు.

ఇదంతా చూశాక నాకూ ఒళ్ళు మండింది. జోలికే పోలేదని ఎంత ధీమాగా చెప్పాడు నాతో. అంతకంటే, మర్నాడు పొద్దున టైలరు ముందు నిన్ను నిలదీసినప్పుడు, ముందు రోజు సాయంత్రం తన వేళ్ళు ఎక్కడ తిరిగాయో ఆయనకు గుర్తులేదా? తోడబుట్టినవాడని మూసిపెట్టాలని చూశాను. నువ్వు మూసిపెట్టనివ్వవు.

ఇప్పుడు చెప్పు. ఆయన పెట్టిన బోర్డు నేను ఇక్కడి నుంచే పీకెయ్యగలను. నీ పేజీ వెంటనే తెరుచుకుంటుంది. పీకనా?

బుల్లెమ్మ


షాపు ముందుగది, వీధి వైపు అద్దం పక్కన.

బుల్లెమ్మా,

పీకకు. ముట్టుకోకు. నీ చేత్తో తీస్తే అది నీ గెలుపు. నా చేత్తో తీస్తే రేపు మళ్ళీ ఇంకో బోర్డు లేస్తుంది. పెట్టిన చెయ్యే తియ్యాలి. అంతవరకు సైటు తెరుచుకోకపోతే తెరుచుకోకపోనీ.

నీ ఉత్తరం అందిన రోజు ఆయనతో ఏమీ అనలేదు. నోరు తెరిస్తే ఏమంటానో నాకే తెలియదు. ఇన్నేళ్ళ మనిషి. నా పక్కనే కూర్చుని అన్నం తిని, తనలో తాను నవ్వుకుంటూ టీవీ చూసే మనిషి. నా పేరు చూసి ఓర్చుకోలేకపోయారు, అదే నాకు మింగుడు పడడం లేదు. సరే పెట్టారు, ఎదురుగా వచ్చి నాకిది నచ్చలేదు అంటే పోట్లాడుకునేవాళ్ళం. చాటుగా పెట్టి, పైగా దొంగని నన్ను చేశారు.

కాగితం పైన చిరునామా చూశావా? నా బల్ల ముందుకు మార్చాను. టైలరు ఒక పక్క పట్టాడు, నేనొక పక్క పట్టాను. మీ అన్నయ్య కౌంటరు వెనక నుంచి, "ఇక్కడెందుకు?" అన్నారు. "వెనక వెలుతురు చాలడం లేదు" అన్నాను. అబద్ధం కూడా కాదు.

ఇప్పుడు తలుపు తోసుకుని వచ్చేవాళ్ళకు మొదట కనిపించేది నేను. మిషన్లు నేరుగా నా చేతికే ఇస్తున్నారు. ఎవరో ఒకాయన మాస్టరు గారు లేరా అన్నాడు. మీ అన్నయ్య దగ్గారు. నేను స్క్రూ తిప్పుతూ, "ఉన్నానండీ, చెప్పండి" అన్నాను.

ఫోన్లు ఆగడం లేదు. సైటు తెరుచుకోవట్లేదండీ అని ప్రతివాడూ అడుగుతాడు. "కంపెనీ వాళ్ళ లోపమండీ, చూస్తున్నారు" అని ఈయన చెప్తుంటారు. అన్ని ఫోన్లూ ఆయనే ఎత్తాలి, నా చేతులకు నూనె కదా. రోజుకు ఎన్నిసార్లు ఆ అబద్ధం చెప్తారో నేను వింటూ సూదులు మారుస్తుంటాను. చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను.

నీ వదిన


ఆఫీసు, కిటికీ పక్క బల్ల.

వదినకు,

వార్త ఉంది. మొన్న అన్నయ్య ఫోను చేశాడు. నా ఉద్యోగం గురించి అడిగాడు, మా ఇంటి కుళాయి గురించి అడిగాడు, మా పై అంతస్తు వాళ్ళ పిల్లి గురించి కూడా అడిగాడు. ఎప్పుడూ లేనిది. అన్నీ అయ్యాక, "ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పంపే ఏర్పాటు ఒకటి ఉంటుందట కదా, అది తియ్యాలంటే ఎక్కడ నొక్కాలి?" అన్నాడు.

నేనూ ఊరికే చెప్పినట్టే చెప్పాను. "పెట్టిన చోటే ఉంటుంది అన్నయ్యా. పెట్టినవాళ్ళకు దారి తెలిసే ఉంటుంది" అన్నాను. మళ్ళీ ఆ పిల్లి సంగతే ఎత్తాడు. తర్వాత, "మీ వదినకు తెలుసా?" అన్నాడు. "నీకేమనిపిస్తోంది?" అన్నాను.

నిన్న మధ్యాహ్నం ఆయన తాళంతో ఆయన బోర్డు తీసేశాడు. సైటు తెరుచుకుంది వదినా. మా ఆఫీసులో నలుగురి ఫోన్లలో చూశాను. నీ ఫోటో, నీ పేరు, చేతిలో షటిల్.

ఒక చిన్న సంగతి ఉంది. ఆగిపోయిన రోజుల్లో మన సైటు తెరవాలని చూసిన ఫోన్లు కొన్ని ఆ పాత తిరుగుడు దారినే గుర్తు పెట్టుకుని ఉంటాయి. ఇక్కడ అంతా సరిగ్గా ఉన్నా వాళ్ళకు ఇంకా ఖాళీ పేజీయే వస్తుంది. ఫోను దాచుకున్న ఆ దారి తాలూకు పాత జ్ఞాపకాలు చెరిపేస్తే చాలు, తెరుచుకుంటుంది. ఎలాగో వెనకవైపు బొమ్మ గీసి పెట్టాను. ఎవరైనా అడిగితే నువ్వే చేసిపెట్టు.

అందరికంటే ఎక్కువసార్లు తెరిచి చూసిన ఫోను ఎవరిదో నీకు వేరే చెప్పాలా? ఆయనకు మాత్రం ఈ చిట్కా చెప్పలేదు. ఆ మాత్రం కోపం నాకూ ఉంది.

నీ బుల్లెమ్మ


షాపు ముందుగది.

బుల్లెమ్మకు,

నీ బొమ్మ పనికొచ్చింది. టైలరు ఫోను, కాజాలు కుట్టే అమ్మాయి ఫోను, ఇంకెవరెవరివో బాగుచేశాను. ఇప్పుడు ఫోన్లు కూడా బాగుచేస్తారా అని అడుగుతున్నారు.

ఆయన మూడు రోజులు ఓర్చుకున్నారు. కౌంటరు వెనక ఫోను ఆపి మళ్ళీ వేసేవారు, చొక్కాకు తుడిచేవారు, వీధిలోకి వెళ్ళి ఎత్తి పట్టుకునేవారు. వచ్చినవాళ్ళంతా మీ పేజీ చూశామండీ, బాగుందండీ అంటుంటే, ఈయనకు మాత్రం ఆ ఖాళీ పేజీయే. నేను చూస్తూనే ఉన్నాను. నా అంతట నేను అడగలేదు.

ఇవాళ సాయంత్రం షాపు నిండా జనం. నాటకాల దుస్తుల పెద్దావిడ కూడా ఉంది, బెల్టు మార్పించుకోవడానికి వచ్చింది. ఆవిడకు నా పేజీ వాళ్ళ మనవరాలు చూపించిందట. రాగానే నా చేతుల వంక చూసి, మిషను నా ముందు పెట్టింది. మీ అన్నయ్య కౌంటరు వెనక నుంచి లేచి వచ్చి, ఆవిడ వెనక వరసలో నిలబడ్డారు. నేను ముందు ఆవిడ పని చూశాను. ఆయన వంతు వచ్చింది. ఫోను రెండు చేతులతో తెచ్చి నా బల్ల మీద పెట్టారు, అందరూ మిషన్లు పెట్టే చోట.

"ఇది నా ఒక్కడి దాంట్లోనే తెరుచుకోవడం లేదు. కొంచెం చూస్తావా?" అన్నారు.

చేతులు గుడ్డకు తుడుచుకున్నాను. అందరినీ అడిగేదే అడిగాను. "ఆగిపోయే ముందు చివరగా ఏం కదిపారు?"

ఏమీ కదపలేదు అంటారని నాకు తెలుసు బుల్లెమ్మా. ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర ఇంకో జవాబు విన్న పాపాన పోలేదు. అలా అంటే ఏం చెయ్యాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. పాతబడిందండీ, ఎవరి తప్పూ కాదు అని ఫోను తిరిగి ఇచ్చేసి, తర్వాతి వాళ్ళను రమ్మనాలని. ఆ తర్వాత ఆయనతో ఈ సంగతి ఎప్పటికీ ఎత్తకూడదని కూడా.

ఆయన టైలరు వంక చూశారు. పెద్దావిడ వంక చూశారు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

"నీ పేరు కదిపాను" అన్నారు.

టైలరు ఈసారి గుండీలు లెక్కపెట్టుకోలేదు, తలెత్తి ఆయన్నే చూస్తున్నాడు. నా కోపం తగ్గిందా అని నువ్వు అడుగుతావు. తగ్గలేదు. ఇంటికి వెళ్ళాక చాలా మాటలున్నాయి, ఒక్కటీ వదలను. కానీ ఫోను చేతిలోకి తీసుకున్నాను. నీ బొమ్మలో చెప్పినట్టు ఆ పాత జ్ఞాపకాలు చెరిపి, తెరిచి, ఆయన వైపు తిప్పి పెట్టాను. ఆయన ఆ ఫోటోను చాలాసేపు చూశారు.

పక్కన నిలబడ్డ పెద్దావిడకు ఏం అర్థమైందో ఏమో, "బాగవుతుందంటావా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

"అవుతుందిలెండి. కదిపింది చెప్పారుగా" అన్నాను.

నీ వదిన